బేరింగు కత్తెర

నాది పుర్రచేతి వాటం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. దాన్ని దాచడంలోనే సగం బతుకు అయిపోయింది, ఇక దాచే ఓపిక నాకు లేదు. అన్నం మాత్రం కుడిచేత్తో తింటాను, అది చిన్నప్పుడే కొట్టి నేర్పారు. మిగతా పనులన్నింటికీ, సూదికీ సుద్దకీ చీపురుకీ గరిటెకీ, నా ఒంటికి తెలిసిన చెయ్యి ఎడమదే.

బళ్ళో పంతులమ్మ ఎడంచేతి కణుపుల మీద స్కేలు నిలువుగా పెట్టి కొట్టేది. రాత కుడిచేతికి మారింది గానీ, నా అక్షరాలు బాగున్నాయని ఎవరూ అన్న పాపాన పోలేదు. సండే స్కూలు గోడకి ఒక పటం ఉండేది. అందులో దేవుడు మెచ్చిన గొర్రెలన్నీ కుడివైపు, ఆయన వెళ్ళగొట్టిన మేకలన్నీ ఎడంవైపు. పక్కన కూర్చున్న పిల్ల నా చేతిని చూసి, తర్వాత పటంలో మేకల్ని చూసి కిసుక్కున నవ్వేది. చెప్పొద్దూ, నాకు ఆ మేకలే నచ్చేవి. వాటి ముఖాల్లో కాస్త తెలివి కనిపించేది.

తొంభైల మధ్యలో రోలుగుంట నుంచి నర్సీపట్నం కోడలిగా వచ్చాను. వాళ్ళదీ మాలాగే మిషను చర్చి కుటుంబం. మామగారు అప్పటికే లేరు. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు, ఇంట్లో ఆయనా, అత్తమ్మా. పెళ్ళికి ముందు మా అమ్మ నన్ను వంటింట్లో కూర్చోబెట్టి ఒక్కటే చెప్పింది.

"అత్తారింట్లో నీ ఎడంసెయ్యి కొంగు దాటి బయిటికి రాకూడదు. ఇచ్చినా, పుచ్చుకున్నా, వడ్డించినా కుడిదే. ఇన్నావా?"

విన్నాను. విని, పదకొండేళ్ళు కుడిచేత్తో వడ్డించాను. అత్తమ్మ కంచం పక్కన ప్రతి పూటా రెండు చుక్కలు పప్పో చారో పడేవి. ఆవిడ ఏమీ అనేది కాదు. తడిగుడ్డ తీసుకుని తుడిచేసి తినడం మొదలుపెట్టేది. నేను లోలోపల గెలిచాననుకునేదాన్ని.

ఎడంచేతికి స్వేచ్ఛ ఉన్నది ఒక్క నా కొట్లోనే. బస్టాండు రోడ్డులో చిన్న గది, గుమ్మానికి పరదా, లోపల ఒక కుట్టు మిషను, ఒక కటింగు బల్ల. జాకెట్లు, లంగాలు, స్కూలు పిల్లల గౌన్లు. పరదా వేసుకుని ఎడంచేత్తో కత్తెర పట్టేదాన్ని. అత్తమ్మ మోకాళ్ళ నొప్పులతో కొట్టుదాకా వచ్చేది కాదు కాబట్టి నాకు ఆ భయం లేదు.

కత్తెర కుడిచేతి వాళ్ళ కోసం పుట్టిన వస్తువని చాలామందికి తెలీదు. తెలియాల్సిన అవసరం వాళ్ళకేం వచ్చింది గనక. దాని రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి కూర్చునే తీరు కుడిచేతికే సరిపోతుంది. అదే ఎడంచేత్తో పడితే సుద్ద గీత పై అంచు వెనక దాక్కుంటుంది. గుడ్డ తెగకుండా మడతపడి మధ్యలో ఇరుక్కుంటుంది. తెగాలంటే బొటనవేలితో పక్కకి నొక్కిపట్టి కొయ్యాలి. అలా నొక్కీ నొక్కీ, రెండువేల అయిదు, ఆరు ఆ ప్రాంతానికి నా బొటనవేలి కణుపు ఉసిరికాయంత ఉబ్బింది.

డాక్టరు చూసి, "కటింగు మానేస్తే తగ్గుతుందమ్మా. మానకపోతే ఈ వేలు వంగదు," అన్నాడు. కటింగు మానేసిన టైలరమ్మ ఏం చేస్తుంది, జీవితాంతం కాజాలు కుట్టుకుంటుందా? కటింగుకి మనిషిని పెట్టుకోమన్నారు మా ఆయన. ఆ మనిషికి ఇవ్వాల్సింది ఇచ్చేస్తే నాకు మిగిలేది దారం ఉండలే. పోనీ కదా అని మూడు నెలలు కుడిచేత్తో కత్తిరించి చూశాను. నాతవరం నుంచి వచ్చిన ఒక పెళ్ళికూతురి పట్టు జాకెట్టు ముక్క మెడ దగ్గర వంకర పోయింది. ఆ పిల్ల ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు, ఆ ముక్కని చేత్తో నిమురుతూ కూర్చుంది. అది చూడటం కంటే తిట్లు తినడమే నయం.

కాబట్టి సంగతి ఇది. ఎడంచేతి కత్తెర దొరికితే నాకు కొట్టు ఉంటుంది, దొరక్కపోతే ఉండదు.

విశాఖపట్నంలో మూడు దుకాణాలు తిరిగాను. "కత్తెరకి కుడీ ఎడమా ఏంటమ్మా," అని ఒకాయన పక్క కొట్టతన్ని పిలిచి మరీ నవ్వించాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే తిరిగొచ్చి, మా కొట్టుకి నాలుగు గుమ్మాల అవతల ఉన్న నెట్ సెంటరు మెట్లెక్కాను. అది ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్. కంప్యూటర్లొచ్చాక దాన్ని నడిపే మాస్టారు టైపు మిషన్లని అటక మీద పెట్టేసి నెట్ సెంటరు చేశారు. అరవై దాటిన మనిషి, మాటలో ఇంకా బెత్తం ఉండేది.

"సార్, నవ్వనంటే ఒకటి అడుగుతాను," అన్నాను.

ఆయన విన్నారు. నవ్వలేదు. "టైపులో రెండు చేతులకీ సమానంగా పని చెప్పినవాణ్ణమ్మా నేను. నాకు నవ్వెందుకొస్తుంది?" అని కంప్యూటరు ముందు కూర్చున్నారు. బొమ్మ పైనుంచి కిందికి తెరుచుకునేలోపు నేను రెండు జాకెట్లకి హుక్కులు కుట్టేయొచ్చు, అంత నెమ్మది. రోజూ అరగంట చొప్పున వారం వెతికాం. చివరికి వేలంపాట పెట్టే ఒక సైటులో దొరికింది. ఉత్తరాదిన ఎక్కడో కత్తెర్లు చేసే మనిషి. విదేశానికి చేసిన ఎడంచేతి కత్తెర్లలో ఒక్కటి మిగిలిపోయిందనీ, ఇంకొకటి లేదనీ, మళ్ళీ చెయ్యననీ రాశాడు. మాస్టారు ఇంగ్లీషులో జవాబు కొట్టారు. నేను బ్యాంకులో డీడీ తీసి పంపాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతారు, అడిగితే ఏ చేతికని చెప్పాలి.

మూడు వారాలు ఎదురుచూశాను. ఒకరోజు మధ్యాహ్నం మా వీధి పోస్టుమాన్ సైకిలు కొట్టు ముందు ఆపి, పక్క కొట్టుకి ఉత్తరం ఇచ్చి, నన్ను చూసి ఆగాడు.

"అమ్మా, పొద్దున్న మీకో పార్సిలొచ్చింది. ఎప్పట్లాగే ఇంటికట్టుకెల్తే మీ అత్తగారు ఒద్దనీసారు."

నా చేతిలో సుద్ద కింద పడింది. "వద్దన్నారా? ఎందుకు?"

"బేరింగు పడిందమ్మా. పంపినోడు స్టాంపులు తక్కువంటించాడు. ఇనప సామానులా ఉంది, బరువు సూసుకోలేదు కావాల. బేరింగని సెప్పగానే ఆవిడ తలుపేసీసారు. రిఫ్యూజ్డ్ అని రాసి ఆఫీసులో పడీసాను."

స్టాంపులు తక్కువైనదాన్ని మావైపు బేరింగు అంటారు. ఎంత తక్కువైతే దానికి రెట్టింపు అందుకునేవాళ్ళే కట్టాలి. కట్టకపోతే వచ్చిన దారినే పోతుంది. "ఇప్పుడెక్కడుంది?" అన్నాను.

"మూడున్నరకి బ్యాగు కడతారు. అందులో ఎల్లిపోద్ది. కావాలంటే బేగి రండి, నానూ అటే ఎల్తన్నాను."

గోడ గడియారం మూడు దాటింది. కొట్టుకి తాళం వేశానో లేదో కూడా గుర్తులేదు. ఆ ఎండలో పోస్టాఫీసుదాకా నడిచానో పరిగెత్తానో ఆ దారిలో నన్ను చూసినవాళ్ళే చెప్పాలి. ఒక్కటే ఒకటి ఉన్న కత్తెర, మళ్ళీ చెయ్యనన్న మనిషి దగ్గరికి తిరిగి వెళ్ళిపోతుంది. అదే తలలో తిరుగుతోంది.

కౌంటరు దగ్గర ఆరేడుగురున్నారు. గుమస్తాగారు యాభై ఏళ్ళ మనిషి, ముక్కు చివర కళ్ళద్దాలు. ఆయన వెనక బల్ల మీద ఖాకీ కాగితం చుట్టిన నా పార్సిలు కనిపిస్తోంది.

"ఇది రిఫ్యూజ్ అయిపోయిందమ్మా. ఇంట్లో వద్దన్నారు కదా."

"పార్సిలు మీద ఎవరి పేరుంది సార్?"

"మీదే అనుకోండి."

"మరి నేను వద్దనలేదు."

"ఇంట్లో పెద్దావిడ అంటే మీరన్నట్టే."

"అలాగని ఎక్కడుంది సార్? చూపించండి."

ఆయన నావైపు ఒకసారి చూసి, అరలోంచి అట్ట చిరిగిన రూల్సు పుస్తకం తీశారు. రూల్సంటే ఆయనకి నిజంగానే భక్తి, ఆ మాట ఒప్పుకోవాలి. వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పారు. దొరకలేదు. ఈలోపు పోస్టుమాన్ లోపలికొచ్చి, "నాను రాసిందే కదండీ, కొట్టీసి సంతకం పెట్టీస్తాను," అన్నాడు. అన్నట్టే కొట్టేశాడు. ఆ మనిషికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

"సరే. తక్కువైంది ఇరవై మూడు. నలభై ఆరు కట్టండి," అన్నారు గుమస్తాగారు.

"పంపినవాడు తప్పు చేస్తే నాకు రెట్టింపేమిటి సార్?"

ఈసారి పేజీ వెంటనే దొరికింది. పుస్తకాన్ని తిప్పి నా ముందు పెట్టి, ఆ వరుస మీద వేలు పెట్టి చూపించారు. రాసి ఉంది. రాసి ఉన్నదానికి నేను మాట్లాడను. సంచీ తెరిచి యాభై కాగితం తీసి జాపాను.

ఆయన చెయ్యి సగం దూరం వచ్చి వెనక్కి పోయింది.

"కుడిచేత్తో ఇవ్వమ్మా."

హడావిడిలో చూసుకోలేదు, నోటు నా ఎడంచేతిలో ఉంది. మామూలుగా అయితే ఇలాంటివి నేను ముందే చూసుకుంటాను. బస్సులో కండక్టరు దగ్గర, కూరల బజార్లో, చర్చిలో కానుక సంచి నా ముందుకొచ్చినప్పుడు, ఒక్క క్షణంలో చెయ్యి మార్చేస్తాను. ఎవరికీ తెలీదు. ఆరోజు కూడా అలవాటు ప్రకారం నోటు కుడిచేతికి మార్చబోయాను. అప్పుడే ఆయన వెనక నా పార్సిలు మళ్ళీ కనపడింది. ఎడంచేతి కోసం తెప్పించుకున్న వస్తువు. దాన్ని విడిపించుకోవడానికి ఎడంచేతిని దాచుకోవాలా? ఛీ, ఏం బతుకు ఇది అనిపించింది. ఉబ్బిన బొటనవేలు నోటు మీద నొక్కిపట్టుకుని అలాగే నిలబడ్డాను.

"ఈ చేత్తోనే ఇస్తాను సార్."

"అదేంటమ్మా, ఎడంచేత్తో డబ్బు ఎవరైనా ఇస్తారా? నేను పుచ్చుకోను."

"పుస్తకం మీ ముందే ఉంది కదా. ఏ చేత్తో ఇవ్వాలో అందులో రాసి ఉంటే చూపించండి. రెట్టింపు గురించి చూపించారు, కట్టేస్తున్నాను. ఇదీ చూపించండి, చెయ్యి మారుస్తాను."

వరసలో వాళ్ళంతా ముందుకి వంగి చూస్తున్నారు. గడియారం మూడు ఇరవై చూపిస్తోంది. లోపల ఒకతను బ్యాగు మూతికి తాడు సిద్ధం చేసుకుంటున్నాడు. చెయ్యి మారిస్తే ఒక్క క్షణంలో కత్తెర నాది. మార్చకపోతే ఏమవుతుందో తెలీదు. అయినా మార్చలేదు.

"పోనీ, అక్కడ బల్ల మీద పెట్టండి," అన్నారాయన.

"పెట్టను. అందరి దగ్గరా చేతికే పుచ్చుకుంటున్నారు. నా దగ్గరా చేతికే."

నా వెనక నాతవరం వైపు రైతు ఒకాయన, తలపాగాతో, పాసుపుస్తకం పట్టుకుని చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నాడు. ఆయన గొంతు సవరించుకుని, "బాబుగారూ, ఆ నోటు సెల్లుద్దా, సెల్లదా? సెల్తే తీసీసుకోండి. నాకు నాలుగింటికి ఆటో ఎల్లిపోద్ది," అన్నాడు. ఎవరో నవ్వారు. గుమస్తాగారు నవ్వలేదు. రెండు వేళ్ళతో, తేలుని తోకపట్టి తీసినట్టు, నోటు నా చేతిలోంచి తీసుకున్నారు. చిల్లర ఇచ్చారు. నేను చిల్లర కూడా ఎడంచెయ్యి చాపే అందుకున్నాను.

రిజిస్టరులో సంతకం పెట్టమన్నారు. ఎడంచేత్తో పెట్టాను. బళ్ళో స్కేలు కింద నేర్చిన సంతకం కంటే ఎంత బాగుందో.

పార్సిలుతో బయటికొచ్చాక కోపం పోస్టాఫీసు మీద నుంచి ఇంటి మీదికి మళ్ళింది. నా పేరున వచ్చినదాన్ని తిప్పి పంపడానికి ఈవిడెవరు? పదకొండేళ్ళలో అత్తమ్మ ముందు గొంతు పెంచినదాన్ని కాదు. ఆరోజు గుమ్మంలోనే మొదలుపెట్టాను. ఆవిడ వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

"నా పార్సిలు ఎందుకు తిప్పి పంపారు అత్తమ్మా?"

ఆవిడ తలెత్తలేదు. "బేరింగుది. బేరింగుది ఈ ఇంట్లో పుచ్చుకోం."

"ఎవరు పెట్టారా రూలు?"

"నానే."

"దేనికి? నలభై రూపాయలకా? ఇందులో ఉన్న కత్తెర లేకపోతే నా కొట్టు మూసుకోవాలి, తెలుసా మీకు?"

అప్పుడు తలెత్తింది. నా చేతిలో ఉన్న పార్సిలు వైపు చూసింది. అది ఏ చేతిలో ఉందో చూసింది. చింతపండు పళ్ళెం పక్కకి జరిపి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"కూకో. నీ పెల్లికి పది రోజులుందనగా ఈ గుమ్మంలోకి ఒక బేరింగు ఉత్రం వచ్చింది. స్టాంపే నేదు. పెల్లి ముందు కదా, ఏటో ఎవులో అని డబ్బులు కట్టి తీసుకున్నాను. నాకు సదువు రాదు, అప్పటి పోస్టుమేను సేతే సదివించాను. ఆకాశరామన్న ఉత్రం."

పేరు లేకుండా రాసే చెడ్డ ఉత్తరాలని అందరూ అలాగే అంటారు. అందుకునేవాళ్ళ సొమ్ముతోనే అందేలా స్టాంపు కూడా అంటించరు, అంతటి మహానుభావులు.

"ఏముంది అందులో?" అన్నాను.

"రోలుగుంట పిల్ల పుర్రసేతిది, ఆ సేత్తోనే వడ్డిస్తాది, ఇంటికి మంచిది కాదు, మానుకోండి అనీసి."

"మరి మీరేం చేశారు?"

"ఏటి సేస్తాను. పొయ్యిలో ఎట్టీసాను. మీ ఆయనక్కూడా సెప్పనేదు. డబ్బులిచ్చి మరీ మా ఇంటికి రాబోయే పిల్ల మీద సెడు సదివించుకున్నానే అని నాకు సిగ్గేసింది. ఇకమీదట బేరింగుది ఏదొచ్చినా గుమ్మమెక్కనివ్వనని ఆరోజే అనుకున్నాను. ఇయాల నీ పేరు సెప్పి బేరింగు అనగానే, మల్లీ ఎవుడో నీ మీదే రాసాడనుకున్నాను. పార్సిలని అతగాడన్నాడో నేదో, నానినిపించుకోనేదు."

"అయితే మీకు మొదటినుంచీ తెలుసా?"

"తెలవకేటి. పదకొండేల్లుగా నా కంచం పక్కన పప్పొలకబోస్తన్నావు."

"మరి ఒక్క మాట చెప్పొచ్చు కదా అత్తమ్మా."

"నువ్వు దాసుకున్నదాన్ని నానెలా బయిటికి తీస్తాను," అంది ఆవిడ.

నాకు ఏడుపొచ్చింది. కోపమూ పోలేదు. ఆ పదకొండేళ్ళ మీద కోపం. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి, ఆవిడ నా కోసం, నేను ఆవిడ కోసం, ఒకే సంగతిని చెరో పక్కనుంచి దాచాం. ఆవిడే లేచి లోపల్నుంచి కొత్త జాకెట్టు గుడ్డ ఒకటి తెచ్చి నా ముందు పడేసింది. "ఆ కత్తెరేదో ఇప్పు. ముందు నాకు కొయ్యి," అంది.

కొలతలు తీసుకుని, సుద్దతో గీసి, కత్తిరించాను. గీత మొత్తం కనిపిస్తోంది. గుడ్డ అడ్డు చెప్పకుండా తెగుతోంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా బొటనవేలు దేన్నీ నొక్కలేదు. వాపు తగ్గడానికి రెండు నెలలు పట్టింది, కొట్టు మాత్రం ఒక్కరోజు కూడా మూతపడలేదు. పరదా తీసేశాను. వచ్చినవాళ్ళు చూస్తే చూడనీ అనుకున్నాను.

ఆ నెలలోనే చర్చిలో ప్రేమవిందు. ఆవరణలో బంతులు వేశారు, అడ్డాకుల విస్తళ్ళు. సాంబారు బకెట్టు నాకిచ్చారు. ఏటా అది కుడిచేత్తో వడ్డించి, సగం మంది చీరల మీద పోసి, క్షమాపణలు చెప్పుకునేదాన్ని. ఈసారి బకెట్టు కుడిచేత్తో పట్టుకుని, గరిటె ఎడంచేతికి తీసుకున్నాను. మొదటి నలుగురూ మాటల్లో పడి చూసుకోలేదు. అయిదో ఆవిడ, సంఘంలో పెద్దమనిషి భార్య, చూసింది. విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "ఆ సేత్తో నాకొద్దమ్మా," అంది. బంతిలో తలలన్నీ ఇటు తిరిగాయి. ఆ పాత ఉత్తరం రాసిందెవరో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. ఎవరు రాసినా ఆరోజు ఆ బంతిలో ఆ ఉత్తరం మళ్ళీ వచ్చినట్టే అనిపించింది.

గరిటె దించలేదు. చెయ్యీ మార్చలేదు.

ఆవిడ పక్కనే మా అత్తమ్మ కూర్చుని ఉంది. తన విస్తరిని రెండు చేతులతో పట్టుకుని నా ముందుకు జరిపింది.

"ఆవిడకొద్దంటే మానీ. ఇక్కడెయ్యి," అంది, బంతంతా వినేలా.

వేశాను. ఒక్క చుక్క పక్కన పడలేదు.